కరీం సాయిబుగారి జపాన్ చెయ్యి

మీకు నమస్కారం.

మీరు పోయి ఏడు నెలలైంది. నేను, అత్తమ్మ బాగానే ఉన్నాము. మీ పేరు పెట్టి రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గే... అందుకే ఇలా మొదలుపెట్టాను. అయిదో తరగతి చదువు, తప్పులుంటే మన్నించండి.

వీధి గదిలో మీ రిపేరు అంగడి అలాగే ఉంది. పోయిన వారం అత్తరు అంగడి కరీం సాయిబుగారు మనిషిని పంపారు. తన రికార్డు ప్లేయరు బాగుకాకపోయినా పర్వాలేదు, ఉన్నది ఉన్నట్టు ఇచ్చేయమని కబురు. శుక్రవారం నమాజు అయ్యాక ఆయనే వస్తారట.

ఆ ప్లేయరు మద్రాసులో పాతది కొన్నది. సూదిని మోసే చెయ్యి మీద పేరు అరిగిపోయి ఉండేది. మీరు దాన్ని దీపం దగ్గర తిప్పి చూసి నవ్వారు. "పేరు పోతే ఏమే? ఆ వంపు సూడు, తల బిగించే కాలరు సూడు. జపానోడు దాగమన్నా దాగడు" అన్నారు. మన ట్రంకు పెట్టెలోని విడి చెయ్యి కూడా జపాన్‌దే. కాస్త పొట్టిది, అంతే తేడా.

మీకు చెప్పని మాట ఒకటి ఉంది...

ఆయుధ పూజ ముందురోజు మీరు సరుకు కోసం తిరుపతికి పోయారు. సామానంతా నేనే తుడిచాను. స్క్రూడ్రైవర్లు, మీటరు, చివరికి ఆ రెండు చేతులు కూడా. వాటి తోకలకుండే బరువులను ఊడదీసి, తుడిచి, గంధం కుంకుమ పెట్టి, మీరు రాకముందే తిరిగి తగిలించేశాను. రెండూ నల్లనివే. రెండింటికీ అంకెల చక్రం ఉంది. ఏది దేనిదో చూసుకోలేదు.

ఆ తర్వాత నెలంతా మీరు ఆ చెయ్యితో పడిన పాట్లు చూశాను. బరువును తోక చివరిదాకా జరిపితే గాని చెయ్యి గాల్లో తేలదు. తేలినా ఊగుతుంది, పాట మధ్యలో సూది ఎగురుతుంది. నాకు అనుమానం వచ్చింది. తిడతారని భయం కాదు, మీరు ఎప్పుడూ తిట్టలేదు. మరి ఎందుకు నోరు రాలేదు?

చివరికి "నా వల్ల కాలేదు సాయిబూ... చెయ్యి తిరిగే ఇరుసు నేనే చెడగొట్టినట్టుండాను" అని ఆయనకు చెప్పేశారు. ఆయన తొందరేమీ లేదని ప్లేయరును మన దగ్గరే ఉంచి పోయారు. లోపలి గదిలో ఉండి విన్నాను. ఆ మాట మీరు ఇంకెవరితోనూ అనగా వినలేదు. మరుసటి నెలలోనే మీకు పసరికలు, కళ్లు పచ్చబడిపోయాయి... ఇక చెప్పుకోవడానికి మీరే లేరు.

కబురు వచ్చిన రోజు ట్రంకు తీశాను. రెండు బరువులనూ చెరో అరచేతిలో పెట్టుకున్నాను. ట్రంకులో ఉన్నదే ఎక్కువ బరువు. ఇంత తేలికగా తెలిసిపోయేదా?

దాన్ని సాయిబుగారి చెయ్యికి తగిలించాను. మీరు చేస్తుంటే కాఫీ గ్లాసు పట్టుకుని ఎన్నిసార్లు చూడలేదు? సూదిని లోపలికి జారనివ్వని పక్క మీట సున్నా మీద పెట్టాను. "ముందు గాల్లో తేలాల. పైకి లేవగూడదు, కిందికి వాలగూడదు" అనేవారు కదా. కొంచెం కొంచెం తిప్పాను. బరువు తోక మధ్యలో ఉండగానే చెయ్యి తేలింది, ఊగలేదు.

"ఇప్పుడు అంకెల చక్రం ఒకటే సున్నాకు తిప్పు. బరువు కదిలిందా, మళ్లీ మొదటికొచ్చినావు" అనేవారు. నేను మూడుసార్లు మొదటికి వచ్చాను. నాలుగోసారి కుదిరింది. తర్వాత బరువు, చక్రం కలిపి రెండు అంకెకు తిప్పి, పక్క మీట కూడా రెండుకు జరిపాను. గీతలు పడిన మన రికార్డే వేశాను. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సూది ఎగరలేదు. అత్తమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

బాగైందని ఇచ్చేస్తే సాయిబుగారు సంతోషంగా తీసుకుపోతారు. ఇంకెవరో బాగుచేశారనుకుంటారు. మీ వల్ల కాలేదన్న మాట మాత్రం ఊళ్లో అలాగే ఉండిపోతుంది కదా...

రేపే శుక్రవారం. ఆయన ఎదురుగా నిలబడి చెబుతాను, ఇరుసు మీరు చెడగొట్టలేదని, బరువులు మార్చింది నేనని. చెప్పలేకపోతే ఈ కాగితమే ఆయన చేతికిస్తాను. ఆయనకు తెలుగు చదవడం వచ్చు.

ఉంటాను.

మీ
సుగుణ