కుడి చేతికందని రింగు

12 జూన్ 1959

చాయ్ గ్లాసు తీసుకోబోయి మళ్లీ నేలను పట్టుకున్నాను. గ్లాసు స్పష్టంగా కనబడుతోంది, అంచున వాలిన ఈగతో సహా. కుడి చెయ్యి మాత్రం జానెడు అవతలికి పోతుంది. పక్షవాతం తగ్గిందట. ఏం తగ్గినట్టు? కాలు నడుస్తోంది, పిడికిలి బిగుస్తోంది. ముక్కు గోక్కోబోతే వేలు సరిగ్గా ముక్కు మీదికే పోతుంది. ఎదురుగా ఉన్న వస్తువు దగ్గరికే పోదు.

ఈ కలం కూడా నా భార్య కాశమ్మే చేతిలో పెట్టింది. పెట్టాక రాత బాగానే వస్తోంది. ఒళ్లు మండిపోతోంది.

14 జూన్

ఎడమ చేత్తో గ్లాసు తీసుకుంటే కాశమ్మ చేతిమీద కొట్టింది. బీరప్ప గుళ్లె పసుపు బండారు గూడ గా చేత్తోనే పట్టుకుంటవా అని అడిగింది.

మర్పల్లి నుంచి అన్న అంజిలయ్య చూడవచ్చాడు. నా తడుములాట చూసి, దగ్గరికొచ్చి నోరు వాసన చూశాడు. పొద్దుగాలనే కల్లు తాగినవారా అన్నాడు. అన్న కాకపోతే కొట్టేవాణ్ని. కొట్టినా తగిలేది కాదు.

17 జూన్, వికారాబాద్

రైల్వే డాక్టరు గోడమీది అక్షరాలు చదివించాడు. చివరి లైన్ దాకా చదివాను. తన చెయ్యి నా చేతిలో పెట్టి నొక్కమన్నాడు. నొక్కాను. డ్యూటీకి ఫిట్ అన్నాడు. సార్, అందుకునుడు వస్తలేదు అన్నాను. చూపుంది, బలముంది, పని తప్పించుకుందామని చూస్తున్నవా అన్నాడు. సర్టిఫికెట్ అందుకోబోయి ఆయన సిరాబుడ్డి పడేశాను. దానికి మాత్రం తిట్టాడు. నా రోగానికి లేని కోపం సిరాకు వచ్చింది.

18 జూన్

ఎల్లుండి డ్యూటీ. మా చిన్న స్టేషన్‌లో మెయిల్ బండి ఆగదు. పరుగెత్తే ఇంజన్లోంచి డ్రైవర్ చాచే టోకెన్ రింగును, వెనక లైను ఖాళీ అయిందనే గుర్తును, నేను అందుకోవాలి. తప్పితే బండి ఆగుతుంది. బండి ఆగితే నా నౌకరీ పోతుంది, ఈ క్వార్టర్ పోతుంది.

సాయంత్రం కాశమ్మ పాత జల్లెడ చట్రం చేత పట్టుకుని నా ముందు నుంచి ఉరికింది. ప్రతిసారీ గాలే దొరికింది. చట్రాన్ని ఎడమ చేత్తో లాక్కుని విరగ్గొట్టాను. కాశమ్మ విరిగిన ముక్కలు ఏరింది. తర్వాత, ఎడమ చేత్తో పట్టు అన్నది. ఇప్పుడు తప్పు గాదా అని అరిచాను. గా రైలు రింగేమన్న దేవుని బండారా అన్నది.

20 జూన్, మధ్యాహ్నం

మెయిల్ పోయింది. రింగు ఎడమ చేతిలో పడింది.

రాత్రి

కాశమ్మ చాయ్ గ్లాసు నా ఎడమ పక్కన పెట్టి లోపలికి పోయింది. కుడి చెయ్యే చాచాను. నేల దొరికింది. చాయ్ చల్లారేదాకా చాస్తూనే ఉన్నాను.