ఒకే కంపెనీ మామయ్య

చిరంజీవి కోడలికి, మామయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ అత్తయ్యా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, మావాడూ, కొత్త ఇంటి మెట్లెక్కడం నేర్చుకుంటున్న చిన్నదీ బాగున్నారనే నమ్మకం. ఫోనుండగా ఉత్తరమేమిటని మావాడు వేళాకోళం చేస్తాడు. చెయ్యనీ. ఫోనులో ఈ సంగతి ఎత్తితే నేను గొంతు పెంచుతాను, నువ్వు "సరే మామయ్యా" అని పెట్టేస్తావు. ఉత్తరంలో అయితే నేను అరవలేను, నువ్వు మధ్యలో అడ్డం రాలేవు. ఇద్దరికీ క్షేమం.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాలు నిరుటి కంటే నయం. డాక్టరు నడవమన్నాడు, మీ అత్తయ్య కూర్చోమంది. ఎవరి మాట చెల్లిందో నీకు వేరే చెప్పక్కర్లేదు. వంటింటి కుళాయి బాగు చేయించాం. మర్నాడే మళ్ళీ కారింది. ఆ ప్లంబరునే మళ్ళీ పిలిచాం. ఇప్పుడు కారడం లేదు, నీళ్ళూ రావడం లేదు. అత్తయ్యకు కొత్త కళ్ళజోడు వచ్చింది. ఇన్నాళ్ళూ నేను గడ్డం సరిగ్గా గీసుకోవడం లేదన్న సంగతి దాంతో బయటపడింది.

ఇక నీ అసలు ప్రశ్న. ఒక పెద్ద కంపెనీ వాళ్ళు పిలిచి, ఇకమీద తమ పాలసీలు మాత్రమే అమ్మితే ఆఫీసులో బల్ల వేసి, గుమ్మం పక్కన నీ పేరుతో బోర్డు పెడతామన్నారని రాశావు. సోమవారం సంతకం పెట్టాలన్నావు. "అలిసిపోయాను మామయ్యా. ఆరు కంపెనీల గుమ్మాలు ఎక్కి దిగలేకపోతున్నాను. మీలాగా నేనూ ఫలానా కంపెనీ మనిషినని చెప్పుకుని ఒకచోట కూర్చోవాలని ఉంది. మీరేమంటారు?" అన్నావు.

దాచుకోకుండా చెబుతాను. అది చదివి నేను వీధిలో ఛాతీ విరుచుకుని తిరిగాను. ఈ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర నీకూ నాకూ ఎన్ని యుద్ధాలు జరిగాయి! ఇన్సూరెన్సు ఏజెంటన్నవాడు ఒక్క కంపెనీకే కట్టుబడి ఉండాలని నేను, మనిషికి ఏది సరిపోతే అది నాలుగు చోట్లా వెతికి ఇవ్వాలని నువ్వు. కూర చల్లారిపోయేది. మావాడు మెల్లగా తన కంచం తీసుకుని వరండాలోకి జారుకునేవాడు. చివరికి నువ్వే నా దారికి వచ్చావు కదా అని, నీకు వెంటనే "శుభం, సంతకం పెట్టు" అని రాద్దామనుకున్నాను. కాగితం కూడా తీశాను. ఈలోగా మా ఏజెంట్ల సంఘం సభ వచ్చిపడింది.

ఈసారి సభలో చర్చ పెట్టారు. ఏజెంటు ఒక కంపెనీకి అమ్మాలా, పలు కంపెనీలకా? ఒక కంపెనీ తరఫున మాట్లాడేది ఎవరని అడగడమే ఆలస్యం, అందరూ నా వైపు తిరిగారు. కస్టమర్లను కూడా పిలిచారు. హాలు నిండింది. గోడలకు కొత్తగా రంగు వేయించినట్టున్నారు, ఆనుకున్నవాళ్ళందరి భుజాలకూ అంటుకుంది.

నేను ఎలా మాట్లాడానో నా నోటితో నేను చెప్పుకోకూడదు గానీ, చెబుతాను. "ఒక కంపెనీ వాడికి తన పాలసీలో ప్రతి షరతూ కంఠతా వస్తుంది. క్లెయిము పడితే ఏ గదిలోకి వెళ్ళాలో, ఏ గుమాస్తా భోజనానికి ముందు మంచివాడో, ఎవరు భోజనం తర్వాత మంచివాడో తెలుస్తుంది. ఆరిళ్ళ చుట్టానికి ఏ ఇంట్లోనూ మంచం వెయ్యరు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడే మునుగుతాడంటారే, మరి ఆరు పడవల మీద నిలబడ్డానికి కాళ్ళెన్ని కావాలి?" అన్నాను. హాలంతా నవ్వింది. చప్పట్లు మోగాయి. అవతలి పక్షం ఆయన మెత్తటి మనిషి, పాపం. కాగితాలు చూసి చదివాడు. మధ్యలో పేజీలు తారుమారై, ముగింపు ముందు చదివేశాడు.

సభ బ్రహ్మాండంగా జరిగిందని, చప్పట్లు కొట్టారని మావాడికి ఆ సాయంత్రం ఫోనులో చెప్పాను. అబద్ధం కాదు. కానీ అక్కడితో ఆపేశాను. మిగతాది మీ అత్తయ్యకు కూడా మెల్లగా, విడతలుగా చెప్పాను. ఇప్పుడు నీకు మొత్తం చెబుతున్నాను.

చప్పట్లు ఆగాక అధ్యక్షుడు, కస్టమర్లు ఏమైనా అడగవచ్చన్నాడు. వెనక వరసలోంచి ఒకాయన లేచాడు. చూడగానే గుర్తుపట్టాను. మన వీధి మలుపు దగ్గర కట్టెల పొయ్యి మీద రొట్టెలు కాల్చే బేకరీ ఆయన. పనిలోంచి అలాగే వచ్చినట్టున్నాడు, మోచేతుల దాకా పిండి.

"అయ్యా, తమరు బాగా మాట్లాడారు. నేనూ చప్పట్లు కొట్టాను" అన్నాడు. "కానీ నాదొక చిన్న సందేహం. నా బేకరీకి పాలసీ కావాలని మొదట తమరి దగ్గరికే వచ్చాను. కట్టెల పొయ్యి, పైన చెక్క కప్పు, ఇలాంటివాటికి మా కంపెనీ ఇవ్వదయ్యా అన్నారు. మరి ఇంకెవరైనా ఇస్తారేమో తమరు చెప్పలేదు. తమరి కంపెనీ కాదంటే లోకమంతా కాదన్నట్టేనని ఇంటికెళ్ళి కూర్చున్నాను."

నా దగ్గర జవాబుంది. లేని ఆశ పెట్టకుండా ఉన్నమాట చెప్పాను, అది నిజాయితీ. నోటిదాకా వచ్చింది కూడా. ఆయన ఇంకా కూర్చోలేదు.

"తర్వాత ఒకమ్మాయి వచ్చిందయ్యా. నా పాలసీ కోసం ఆరు కంపెనీలు తిరిగింది. ఐదు కాదన్నాయి. ఆరో కంపెనీ, పొగగొట్టం మార్చి, పొయ్యి చుట్టూ ఇటుక గోడ కడితే చూస్తామంది. నాకు ఒళ్ళు మండి, అదంతా నావల్ల కాదు పొమ్మన్నాను. పోలేదు. పొద్దున్నే వచ్చి కొట్టు ముందు నిలబడేది. తాపీమేస్త్రీని ఆవిడే తీసుకొచ్చింది. గోడ లేచేదాకా వదల్లేదు. మొన్న చలికాలంలో కప్పుకి నిప్పంటుకుంది. కప్పు పోయింది గానీ, ఆ గోడ ఉండబట్టి వెనక గదిలో పడుకున్న మా ఆవిడా పిల్లలూ దక్కారు. కంపెనీ వాళ్ళు వచ్చి చూసుకుని కొత్త కప్పు వేయించారు. ఇవాళ కూడా రొట్టెలు కాల్చే ఇటొచ్చాను. ఒక కంపెనీ మంచిదో, ఆరు మంచివో నాకు తెలీదు. ఆ అమ్మాయి మంచిది. అంతే చెబుదామని."

అమ్మాయ్, ఈ సంగతి నువ్వు నాకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. నా నోట కాదనిపించుకున్నవాడిని నువ్వు తీసుకున్నావని తెలిస్తే నా పెద్దరికం ఎక్కడ చిన్నబోతుందోనని దాచుకుని ఉంటావు. బల్ల దగ్గర నేను "రెండు పడవలు, రెండు పడవలు" అని ఊదరగొడుతుంటే నువ్వు తలవంచుకుని నవ్వడం నాకు గుర్తుంది. ఒక్క బేకరీ పేరెత్తితే నా నోరు మూతపడేది. ఎత్తలేదు.

అధ్యక్షుడు, "ఎవరండీ ఆ అమ్మాయి? సంఘం తరఫున అభినందిద్దాం" అన్నాడు. బేకరీ ఆయన పేరు కోసం తడుముకుంటున్నాడు. మైకు నా చేతిలో ఉంది. తెలివిగలవాడెవడైనా ఏం చేస్తాడు? నోరు మూసుకుంటాడు. గెలిచే చర్చ అది.

"మా కోడలండీ!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే, మైకు కుయ్యిమంది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. నువ్వు పరీక్షకు ఎలా చదివావో చెప్పాను. చిన్నది కడుపులో ఉండగా కూడా ఆఫీసుల మెట్లెక్కావని చెప్పాను. నాకు ఎదురుచెప్పే దమ్మున్న మనిషి మా ఇంట్లో నువ్వొక్కతివేనని, మావాడికి కూడా లేదని చెప్పాను. అధ్యక్షుడు వంగి, "ఇంతకీ మీరు ఏ పక్షం?" అని చెవిలో అడిగాడు. మైకులో అది కూడా అందరికీ వినిపించింది. మెత్తటాయన కూడా పడి పడి నవ్వాడు.

తర్వాత చేతులెత్తించారు. పలు కంపెనీల వైపు ఎన్ని చేతులు లేచాయో లెక్కపెట్టే పని లేకపోయింది. వాటిలో నాదొకటి. అది ఎప్పుడు లేచిందో నాకు తెలియదు. పక్కాయన మోచేత్తో పొడిచి చూపిస్తేనే చూసుకున్నాను. దించబుద్ధి కాలేదు. ముప్పై ఏళ్ళ పైబడిన వృత్తిలో అంత సంతోషంగా ఎప్పుడూ ఓడిపోలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నువ్వు ఊళ్ళో లేకుండానే రచ్చ గెలిచి, అటు నుంచి ఇంటికొచ్చి నన్ను గెలిచావు.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. సంతకం వద్దనే హక్కు నాకు లేదు. అలిసినవాళ్ళను ఇంకా నడవమనడం కూర్చున్నవాడికి తేలిక. ఆ కంపెనీ మంచిదైతే, పని నచ్చితే, నీ ఇష్టం. కానీ నాలాగా అవ్వాలని మాత్రం పెట్టకు. నేను నా కంపెనీని ఇప్పటికీ ప్రేమిస్తాను, వదలను. అయితే నాకు "కాదు" అన్న మాటతో పని అయిపోతుంది. నీకు అక్కడ పని మొదలవుతుంది. నువ్వు ఆ కుర్చీలో కూర్చుంటే, కాదనిపించుకున్నవాళ్ళు ఎవరి గుమ్మం ఎక్కాలో నాకు తోచడం లేదు.

అలుపు సంగతి కూడా ఆలోచించాను. ఈ ఊళ్ళో నీ పాత కస్టమర్లకు క్లెయిములు పడితే, అక్కడి నుంచి నువ్వు ఫోన్ల మీద ఫోన్లు చేసి గొంతు పోగొట్టుకుంటున్నావని మావాడు చెప్పాడు. ఇకమీద ఆ ఆఫీసులకు నేను వెళతాను. పని అయ్యేదాకా బెంచీ మీద కదలకుండా కూర్చోవడంలో ఈ ఊళ్ళో నన్ను మించినవాడు లేడు, మోకాలు కూడా అందుకు ఒప్పుకుంది. వేరే కంపెనీ పాలసీలు నేను అమ్మకూడదు గానీ, వాళ్ళ బెంచీల మీద కూర్చోకూడదని ఎక్కడా లేదు. మా మేనేజరును అడిగే వచ్చాను. ఆయన నా వంక అదోలా చూసి, కూర్చోండి అన్నాడు. మా కంపెనీ కాదన్న వెల్డింగ్ షాపాయనకు నిన్న నీ నంబరు ఇచ్చాను. ఫోను చేస్తాడు, కాస్త కోపిష్టి, ఓర్చుకో.

సోమవారంలోగా నీకు అందాలని దీన్ని కొరియరులో పంపుతున్నాను. నువ్వు ఏం నిర్ణయించుకున్నా ఈ మామయ్యకు సమ్మతమే. ఒక్క మాట మాత్రం చెప్పి ముగిస్తాను. ఇన్నేళ్ళూ నేను ఫలానా కంపెనీ మనిషినని చెప్పుకుని తిరిగాను. అందరూ గౌరవంగానే చూశారు. నిన్న క్షవరానికి వెళితే నాకంటే ముందు వచ్చి కూర్చున్న ఒక ముక్కూమొహం తెలియని మనిషి లేచి నిలబడి, "బేకరీ ఇల్లు నిలబెట్టిన అమ్మాయి మామగారు మీరే కదండీ? ముందు మీరు కానివ్వండి" అని తన వంతు నాకిచ్చాడు. అవునన్నాను. కుర్చీలో కూర్చుని అద్దంలో చూసుకుంటే కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. మంగలి సబ్బు పడిందేమోనని కంగారు పడ్డాడు. ఇంకా సబ్బు తియ్యనే లేదు.

ఇట్లు,
ఆ అమ్మాయి మామగారు.