గొంతు మీద లేని గాటు

లాస్ చినాస్ లోయ,
డిసెంబరు 9.

చిరంజీవి రెనాతోకు అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను, నువ్వూ అలాగే ఉండాలి. ఉన్ని కత్తిరించీ కత్తిరించీ నడుము పట్టేసిందని రాశావు. ఇటుక వేడి చేసి, గుడ్డలో చుట్టి కాపడం పెట్టుకో. మన ఎర్రగుర్రం ఈనింది, మగపిల్ల. కప్పు రేకు మళ్ళీ గాలికి లేస్తే నేనే ఎక్కి మేకులు కొట్టాను. మీ మామయ్యను పిలవలేదు. పిలిస్తే మూడు గిన్నెల మాతే కషాయం తాగి, మేకు కొట్టడమెలాగో నాకే చెప్పి వెళతాడు.

బాల్తసార్ మామయ్య పూమాను చంపిన మాట నిజమేనా అని అడిగావు. నిజమే. నా తోడబుట్టినవాడే అయినా చెబుతున్నాను, అంత డొల్ల మనిషి ఈ లోయలో ఇంకొకడు లేడు.

పోయిన నెల మన దిగువ బీడులో పదకొండు గొర్రెలు చచ్చిపడ్డాయి. వాడు గుర్రం దిగకుండానే "సింహం పనే" అని తేల్చేశాడు. పూమాను సింహమంటే తానూ పెద్దవాడైపోతాడని వాడి ఆశ. నేను దిగి చూశాను. పూమా పిల్లి లాంటిది, పొంచి ఉండి, ఒక్క దూకులో గొంతు పట్టేస్తుంది. వేటను పొదలోకి ఈడ్చుకుపోయి, కార్జం తిని, మిగిలినదాని మీద గడ్డి కప్పి, మర్నాడు మళ్ళీ వస్తుంది. ఈ గొర్రెల్లో ఒక్కదానికీ గొంతు మీద గాటు లేదు. వెనక తొడలు చీలిపోయి ఉన్నాయి. బీడంతా ఉన్ని చెదిరింది, ఒక్క ముక్కా తిన్నది లేదు. బురదలో అడుగులకు గోళ్ళ గుర్తులున్నాయి. పూమా గోళ్ళు ముడుచుకుని నడుస్తుందని ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. నలభై ఏళ్ళుగా వేటాడుతున్నవాడికి తెలియలేదు.

ఐదు కుక్కలతో బయలుదేరి, మూడోరోజు ఒక ఆడ పూమాను బండ మీదికి తరిమాడు. కుక్కలు వెంటపడితే అది ఎత్తెక్కి కూర్చుంటుంది, మనిషి జోలికి రాదు. అలా కూర్చున్నదాన్ని కాల్చాడు. ఆ తోలు మన పక్కింటి దొన్యా ఉర్సులా వంటింట్లో పరిచి, ఇరుగుపొరుగు ముందు కోతలు మొదలుపెట్టాడు.

"గర్జించి మీదికి దూకింది అక్కా. నువ్వైతే గుండె ఆగి చచ్చేదానివి."

పూమాకు గర్జించే గొంతే లేదు, నాయనా. నేను తోలు తిరగేసి చూశాను. పాలిచ్చే తల్లి అది.

"పాలిచ్చేదాన్ని చంపొచ్చి కూడా నీ గొంతు భలే పెగులుతోందిరా" అన్నాను.

రెండు రోజులు ఆ బండల్లోంచి కూనలు పిట్టల్లా సన్నగా కూశాయి. వెతుక్కుంటూ వెళితే నా అడుగుల చప్పుడుకు నోరు మూసుకున్నాయి. మూడోరోజు ఏ కూతా లేదు.

రెనాతో, వాణ్ణి ఇంతసేపు తిట్టింది నా సంగతి రాయలేకే. సెనీసా ఎలా ఉందని అడిగావు. గొర్రెలు చచ్చిన ఉదయం అది ఇంటికి వచ్చినప్పుడు మూతి తడిగా ఉంది, పళ్ళలో ఉన్ని ఉంది. నువ్వు సీసాతో పాలు పట్టి పెంచిన కుక్క. మూతి కడిగి, గొలుసు వేసి, నోరు మూసుకున్నాను. బాల్తసార్ బయలుదేరేటప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. పూమా నాకేమవుతుందిలే అనుకున్నాను. వాడు తెలియక చంపాడు. నేను తెలిసి చంపించాను.

పోయిన ఆదివారం అది గొలుసు తప్పించుకుని దొన్యా ఉర్సులా మంద మీద పడింది. ఆరు గొర్రెలు. నా కళ్ళతో చూశాను. గొర్రె రుచి మరిగిన కుక్కను పెంచినవాళ్ళే తీసెయ్యాలన్నది ఇక్కడి కట్టుబాటు. నువ్వు లేవు. మీ మామయ్య చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. ఏటి ఒడ్డుకు తీసుకెళ్ళి, మాంసం పెట్టి, అది తింటుండగా కాల్చాను. ఇంటికొచ్చాక జీను విప్పలేకపోయాను.

మర్నాడు ఆ వంటింట్లోనే, అందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పేశాను. బాల్తసార్ నవ్వి, "మా అక్కకి వయసు మీదపడింది, కుక్కకీ సింహానికీ తేడా తెలీట్లేదు" అన్నాడు. దొన్యా ఉర్సులా వాడి తోలు మడిచి వాడి ఒళ్ళో పెట్టింది. గడప తొక్కినవాళ్ళందరికీ పోసే మాతే నాకూ ఇవ్వలేదు. అది న్యాయమే.

నన్ను తిట్టాలనిపిస్తే ఉత్తరంలో తిట్టకు. పని అయ్యాక వచ్చి, నా మొహం చూసి తిట్టు. సెనీసాను పాతిపెట్టిన చోటు చూపిస్తాను.

ఇట్లు,
తప్పు చేసిన నీ తల్లి,
ఎర్మిందా