వారానికి ఏడు పొట్లాలు

చిరంజీవి తమ్మునికి,

ఆశీస్సులు. ఈ మాట వ్రాసే అధికారం నాకింకా మిగిలి ఉన్నదో లేదో తేల్చవలసినవాడివి నీవే. పదకొండేళ్లుగా నీకు ఒక్క ముక్క వ్రాయని మనిషి ఇవాళ ఇన్ని కాగితాలు ముందు వేసుకుని కూర్చున్నాడంటే ఏదో అవసరం వచ్చిపడిందని నీవు ఊహించే ఉంటావు. నిజమే, అవసరమే. దానికి ప్రేమ అని పేరు పెట్టి నిన్ను మోసగించను.

నీ చిరునామా మీ వదిన నోటుపుస్తకంలో దొరికింది. మూడుసార్లు కొట్టివేసి, మూడుసార్లు కొత్తది వ్రాసి ఉన్నది. అంటే నీవు ఇల్లు మారినప్పుడల్లా ఆమెకు తెలుస్తూనే ఉన్నదన్నమాట. నీవు తాగుడు మానేసి తొమ్మిదేళ్లయిందనీ, కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నావనీ కూడా ఆమె పోయిన మూడేళ్లకు ఆ పుస్తకమే నాకు చెప్పింది.

ఇక విషయానికి వస్తాను. ఉద్యోగ విరమణకు ముందటి సంవత్సరం, ఒక ఉదయం ప్రార్థన సమయంలో వేదిక మీద నిలుచుని ఉన్నాను. ఎదుట ఆరువందలమంది పిల్లలు. ఉన్నట్టుండి గుండె గొంతులోకి వచ్చినట్టయింది. చేతులు చల్లబడ్డాయి. ఊపిరి పీలుస్తున్నాను గాని అది లోపలికి వెళ్ళడంలేదు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. వేదిక దిగి, స్టాఫ్ రూములో తలుపు వేసుకుని, బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాలకు తగ్గింది. గుండె డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, గుండెకు ఏ లోపమూ లేదనీ, ఇది ఆందోళన వల్ల వచ్చిన ఉద్ధృతి అనీ చెప్పి, ఒక చిన్న మాత్ర వ్రాశాడు. రెండు వారాలకు మించి వాడవద్దని కూడా చెప్పాడు.

ఆ మాత్ర చేసిన మేలును కాదనను. వేసుకున్న అరగంటకు లోపలి గోల సద్దుమణిగేది. తరగతిలో పాఠం మధ్యలో గంట కొడితే పిల్లలందరూ ఒక్కసారిగా లేచిపోయిన తరువాతి నిశ్శబ్దం నీకు తెలుసు కదా, అలా ఉండేది. రెండు వారాలు రెండు నెలలయ్యాయి. రోజుకొకటి రెండయింది, తరువాత మూడయింది. మొదట భయం వచ్చినప్పుడు వేసుకునేవాణ్ణి. పిదప భయం వస్తుందేమోనన్న భయానికి వేసుకునేవాణ్ణి. చివరికి మాత్ర ఆలస్యమైతే వచ్చే భయానికే వేసుకోవలసి వచ్చింది. ఈ మూడింటికీ తేడా గుర్తించేసరికి ఏడేళ్లు గడిచాయి. మీ వదినకు అది రక్తపోటు మాత్ర అని చెప్పాను. ఆమె నమ్మిందో, నమ్మినట్టు ఊరుకున్నదో ఇప్పుడు అడగలేను.

ఆమె పోయాక బస్సెక్కడం మానేశాను. తరువాత బజారు మానేశాను. ఒకరోజు మాత్రల కోసం మాత్రమే బయటికి వెళుతున్నానని గ్రహించాను. నాతో రోజూ మాట్లాడేది రేడియో ఒక్కటే. వార్తలు చదివే అమ్మాయి ఉచ్చారణను నేను దిద్దుతాను, ఆమె వినిపించుకోదు.

ఆ తరువాత చేసినది చెప్పడానికి నా కలం వెనకాడుతున్నది. ఇన్నేళ్లూ అడిగినప్పుడల్లా చీటీ వ్రాసిన డాక్టరు ఇక కొత్తది వ్రాయడానికి ఒప్పుకోలేదు. నేను పాత చీటీ మీద తేదీ మార్చి, 'మూడు నెలలు' అని చేర్చి మందుల దుకాణానికి తీసుకువెళ్ళాను. తండ్రి సంతకం తామే పెట్టుకొచ్చిన పిల్లలను ఎండలో నిలబెట్టిన మనిషిని నేను. దుకాణంలో ఉన్నవాడు నా దగ్గర చదువుకున్నవాడే. చీటీని చాలాసేపు చూశాడు. పక్కన ఎవరూ లేరని నిర్ధారించుకుని, గొంతు బాగా తగ్గించి,

"మాస్టారూ, ఏ డాక్టరూ ఇంత అందంగా రాయడండీ," అన్నాడు.

చీటీని నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టాడు. "నేనిది చూడలేదు. మాత్రలు మాత్రం ఇవ్వలేను. కానీ ఒక్కసారిగా మానెయ్యకండి, ప్రమాదం. డాక్టరు దగ్గరికి వెళ్ళండి, కావాలంటే నేను తోడు వస్తాను," అన్నాడు.

ముత్యాలవంటి ఆ అక్షరాలు వాడి చేత దిద్దించినది నేనే. ఇంటికి వచ్చి, ఉన్న మాత్రలన్నీ పెట్టెలో పడేసి, ఇక ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. వాడి మాట వినలేదు. విద్యార్థి చెబితే వినడమా? మనసు నిలబెట్టుకుంటే చాలుననుకున్నాను. మొదటి రోజు చెమటలు. రెండవ రోజు చేతులు వణికాయి. మూడవ రోజు పక్కింట్లో చెంచా కిందపడిన చప్పుడు నా తలలో పడినట్టనిపించింది. నాలుగవ రోజు గ్రంథాలయంలో పత్రిక చదువుతూ పడిపోయాను. ఫిట్స్ వచ్చాయట. కళ్ళు తెరిచేసరికి నోట్లో రక్తం, నాలుక కరుచుకున్నాను. నలుగురు అపరిచితులు నా మీద వంగి ఉన్నారు. పంచె తడిసి ఉన్నది.

ఆసుపత్రిలో ఒక యువ డాక్టరమ్మ ఉన్నది. ఇది బెంజోడయాజెపీన్ అనే కుటుంబానికి చెందిన మందనీ, శరీరం దానికి అలవాటుపడ్డాక హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందనీ చెప్పింది. "ఇది మనసు బలానికి సంబంధించినది కాదండీ, మాస్టారు గారూ. శరీరానికి సంబంధించినది. కొద్దికొద్దిగా, నెలల తరబడి తగ్గించాలి," అన్నది. మాత్రలు నా చేతిలో ఉండకూడదట. నమ్మకమైనవారొకరు దాచి, వారానికి సరిపడా ఇవ్వాలట. ఇంట్లో ఎవరున్నారని అడిగింది. ఎవరూ లేరన్నాను. ఎవరో ఒకరు ఉంటారు కదా అన్నది. అప్పుడు నా నోట 'తమ్ముడు' అన్న మాట వచ్చింది.

నీ బట్టల సంచి గుమ్మం బయట పెట్టిన రోజు నేనేమన్నానో నీకు గుర్తుండే ఉంటుంది. మనసు నిలబెట్టుకోలేనివాడు ఈ గడప తొక్కకూడదన్నాను. నీవు ఒక్క నెల గడువు అడిగావు. నేను తలుపు వేశాను. ఆ మనిషే ఇప్పుడు తన మాత్రల డబ్బా దాచిపెట్టమని నిన్ను అడుగుతున్నాడు. నవ్వాలనిపిస్తే నవ్వు.

ఇట్లు,
నీ అగ్రజుడు,
విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు


తమ్మునికి,

నీ జవాబు అందింది. నాలుగు వాక్యాలకు రెండే పూర్ణవిరామాలు. ఆ సంగతి ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాను, ఏమనుకోకు. దానిని ఎన్నిసార్లు చదివానంటే ఇప్పుడు చూడకుండా అప్పజెప్పగలను: "అన్నయ్యా మాత్రలు నా దగ్గర పెట్టుకుంటాను కానీ ఇంటికి తెచ్చివ్వను. నువ్వే ప్రతి ఆదివారం బస్సెక్కి దుకాణానికి రా ఏడు రోజులకి ఇస్తాను. రాలేనని మళ్ళీ ఉత్తరం రాయకు".

ఇది కక్ష అనుకున్నాను. పదకొండేళ్ల నాటి తలుపుకు బదులు తీర్చుకుంటున్నావనుకున్నాను. బస్సెక్కలేనని తెలిసే ఈ షరతు పెట్టావనుకున్నాను. అయినా అది నీ హక్కు అని సర్దిచెప్పుకుని, మొదటి ఆదివారం బయలుదేరాను. మూడు బస్సులు వదిలేసి నాలుగవది ఎక్కాను. తలుపు పక్కన, దిగడానికి వీలుగా నిలుచున్నాను. ఖాళీ సీటు చూపించిన ఆవిడకు మోకాళ్ల నొప్పి అని అబద్ధం చెప్పాను, మోకాళ్ల నొప్పి ఉన్నవాడు కూర్చుంటాడు గాని నిలుచోడని ఆవిడ ముఖం చూశాకగాని తట్టలేదు. ఎనిమిది స్టాపులు. ప్రతిదాని దగ్గరా దిగిపోదామనుకున్నాను.

నీవు తల పండిన మనిషివయ్యావు. నాకు గుర్తున్నవాడు వేరు. ఒక దర్జీ ఆవిడ తన మిషను కోసం ఎదురుచూస్తూ స్టూలు మీద కూర్చుని ఉన్నది. ఎవరు వీరని అడిగింది.

"మా అన్నయ్య. మాస్టారు. జాగ్రత్తగా మాట్లాడక్కా, తప్పులు దిద్దుతాడు," అన్నావు.

ఆవిడ మరి నోరు తెరవలేదు. నీవు నా ముఖం వైపు చూడకుండా డబ్బా అందుకుని, పలుచని బ్లేడుతో ఒక్కొక్క మాత్రనూ డాక్టరమ్మ వ్రాసిన ప్రకారం కోశావు. ముక్కలను బట్టలు కత్తిరించే నమూనా కాగితంలో పొట్లాలు కట్టి, ఒక్కొక్కదాని మీద వారం పేరు వ్రాశావు. ఆ పనిని అంత శ్రద్ధగా చేసిన చేతులను నేను ఏ పాఠశాలలోనూ చూడలేదు. ఈ మాట అక్కడే చెప్పవలసింది. చెప్పలేదు. పొట్లాలు జేబులో వేసుకుని వచ్చేశాను.

ఇప్పటికి పదకొండు ఆదివారాలు. మోతాదు సగానికి దిగింది. తగ్గించిన ప్రతిసారీ నాలుగైదు రోజులు నరకం. చర్మం కింద చీమలు పాకుతున్నట్టుంటుంది. వంటగదిలో నిలుచుని ఎందుకు వచ్చానో మరిచిపోతాను. సోమవారం నుంచి శనివారం దాకా నాతో ఒక్క మనిషీ మాట్లాడడు. బుధవారం పొట్లం విప్పినప్పుడు, నీ చేతివ్రాతలో 'బుధ' అని ఉన్న కాగితాన్ని పారేయలేక సొరుగులో దాచుకుంటున్నాను. ఇది వెర్రితనమని తెలుసు.

నీకిచ్చిన డబ్బాలో నా దగ్గర ఉన్నవన్నీ ఉన్నాయి. ఆ విషయంలో నీవు నిశ్చింతగా ఉండవచ్చు.

ఇట్లు,
నీ అన్న


తమ్ముడూ,

ఈ ఉత్తరం తపాలాలో వేయడంలేదు. నీవు వంటగదిలో ఉన్నావు. మూడు రోజులుగా నేను కడగని గిన్నెలు కడుగుతున్నావు. నీళ్ల చప్పుడు వింటూ వ్రాస్తున్నాను. ఎదురుగా నోరు పెగలనివాడికి కాగితమే దిక్కు.

నిశ్చింతగా ఉండమని వ్రాసినది అబద్ధం. ఒక పట్టీ దాచుకున్నాను. పది మాత్రలు, పెద్ద నిఘంటువు మధ్యలో. వాడుకోవడానికి కాదు, ఉన్నదన్న ధైర్యానికి అని నాకు నేనే చెప్పుకున్నాను. మొన్న ఆదివారం అయిదవ స్టాపు దగ్గర బస్సు ఆగిపోయింది. ముందు ఏదో లారీ అడ్డం పడిందట. జనం కిక్కిరిసి ఉన్నారు. ఎవరిదో మోచేయి నా ఛాతీకి ఆనింది. ఆ పాత భయం అడుగు నుంచి లేచింది. జనాన్ని తోసుకుని దిగి, పేరు తెలియని ఒక వీధిలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. నీ దుకాణం మూడు స్టాపుల దూరం. నా ఇల్లు అయిదు. దూరమైన దానికే నడిచాను. నిఘంటువు తెరిచాను. ఆనాడు మూడు, సోమవారం మూడు.

ఇవాళ మంగళవారం. మధ్యాహ్నం తలుపు చప్పుడైతే కరెంటు మనిషి అనుకున్నాను. నీవు. గుమ్మం బయట, మెట్టు కింద నిలుచున్నావు. చేతిలో ఏడు పొట్లాలు. నేను తలుపు మధ్యలో అడ్డంగా నిలుచుని, ఆదివారం ఒంట్లో బాగాలేదని ఏదో చెప్పబోయాను. నా భుజం మీదుగా బల్ల మీది పట్టీని నీవు చూడనే చూశావు.

"ఒకటేనా?" అన్నావు. "నేనైతే రెండుచోట్ల దాచేవాణ్ణి. ఇంకోటి ఎక్కడ?"

లేదన్నాను. అక్కడే నిలుచున్నావు. నేను లోపలికి వెళ్ళి, మీ వదిన కళ్లజోడు పెట్టెలోంచి రెండవది తెచ్చి నీ చేతిలో పెట్టాను. నీవు లెక్కపెట్టలేదు, తిట్టలేదు. డాక్టరమ్మకు ఫోను చేసి జరిగినది జరిగినట్టు చెప్పావు. ఆవిడా కోప్పడలేదు. ఈ నెలకు తగ్గించడం ఆపి, ఉన్న మోతాదులోనే నిలబడమన్నది. మొదటికి రాలేదనీ, ఇలా జారడం మామూలేననీ చెప్పమన్నదట.

అప్పటికీ నీవు మెట్టు కిందే ఉన్నావు. ఎండ నీ మెడ మీద పడుతున్నది. నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్లూ ఇంటికి రానన్నావు, పదకొండు ఆదివారాలు నన్ను బస్సులో చంపావు, ఇప్పుడు వచ్చి కూడా పరాయివాడిలా అక్కడ నిలబడతావేమని అడిగాను.

"నీ ఉత్తరంలో డబ్బా పుచ్చుకోమన్నావు అన్నయ్యా," అన్నావు. "లోపలికి రమ్మనలేదు."

అందులో కక్ష లేదు. ఉన్నదున్నట్టు చెప్పావంతే. నా ఉత్తరాన్ని ఒక్క మాట కూడా చేర్చకుండా, నేను వ్రాసినంత మేరకే చదువుకున్నావు. ఆ తలుపు తెరవవలసినవాణ్ణి నేనని నాకు ఏ ఆదివారమూ తోచలేదు. ఇందాక నేను పక్కకు తప్పుకుని "రా" అన్నాను. నీవు చెప్పులు విడిచి, నేరుగా వంటగదిలోకి వెళ్ళిపోయావు, నా ముఖం నేను తుడుచుకోవడానికి వీలుగా.

ఆనాడు నీవు నెల రోజులు అడిగావు. ఇవ్వలేదు. నీది బలహీనత అన్నాను, అది జబ్బు. నాది క్రమశిక్షణ అన్నాను, అది భయం. గ్రంథాలయంలో పడిపోయిననాడు నాకు ఎవరో అపరిచితులు నీళ్లు తాగించారు, నేను తలుపు వేసిన ఆ రాత్రి నీకు ఎవరు తాగించారో నేనెన్నడూ కనుక్కోలేదు. తప్పు చేశాను. ముప్పైయెనిమిదేళ్లు ఈ మాట పిల్లల చేత చెప్పించాను. నేను చెప్పడం ఇదే మొదలు, అందుకే తడబడుతున్నాను. నన్ను క్షమించు.

నీళ్ల చప్పుడు ఆగింది. చేతులు తుడుచుకుంటున్నావు. ఈ కాగితం నీకిచ్చి, నీవు చదువుతున్నంతసేపూ ఎదురుగానే కూర్చుంటాను. లేచి వెళ్ళిపోను.

అన్నయ్య