మగ్గం ఆపి పిలిచి చూడు

నాచారం,
గురువారం.

అక్కకు నాగమణి నమస్కారాలు.

నేనూ మీ మరిదీ ఇక్కడ బాగానే ఉన్నాం. నువ్వూ, బావగారూ, మీ అత్తయ్యగారూ, మన భవ్యా బాగున్నారని తలుస్తాను. ఆదివారమే ఫోనులో మాట్లాడుకున్నాం కదా, మళ్లీ ఈ ఉత్తరమేమిటని విసుక్కోకు. మీ ఇంట్లో ఫోను స్పీకరులో పెట్టి అందరూ వింటారు. ఇది ముందు నువ్వొక్కదానివే చదవాలి.

మీ మరిదికి మల్లాపూర్‌లో లేతు మిషను మీద పని కుదురుగానే ఉంది. ఇక్కడి ఎండ చీరాలలోలా చెమట పట్టించదు, ఊరికే మాడుస్తుంది. దొరికేవన్నీ చెరువు చేపలు. ఎవరైనా ఇటు వస్తుంటే ఎండు రొయ్యలు పంపించు. వచ్చిన కొత్తలో ఉప్పల్‌లో ఆటోవాళ్ల మాట సగం అర్థమయ్యేది కాదు. ఇప్పుడు నా నోటే ‘జర ఆగు’ అని వస్తోంది. ముప్పై ఆరేళ్ల బుర్రకు కూడా చదువు ఎక్కుతోందని మీ మరిదికి నవ్వు.

నేను చిల్కానగర్‌లో చెవులు వినపడని పిల్లలకు మాటలు నేర్పే చోట ఆయాగా చేరి నాలుగు నెలలైంది. బాగానే చూసుకుంటారు, దిగులు పడకు. కానీ అక్కడ నేను చూస్తున్నవి, కళ్లతో చూడకపోతే నేనూ నమ్మేదాన్ని కాదు.

మూడేళ్ల అక్షర అని ఒక పాప ఉంది. మొదట్లో వెనక గిన్నె పడినా అదిరేది కాదు. నేను చేరిన వారానికి ఆపరేషను చేసి, చెవి వెనక చిన్న మిషను పెట్టారు. పెట్టగానే మాటలొచ్చేస్తాయనుకున్నాను, పిచ్చిదాన్ని. రోజూ అదే గంట, అదే గిన్నె, అదే ‘అమ్మ’. మూడో నెలలో ఒకరోజు రేకుల మీద వాన మొదలైంది. అన్నం తింటున్న పిల్ల చెయ్యి ఆపి పైకి చూసింది. నేను “వాన” అన్నాను. నా పెదాల వంక చూడకుండా, పైకే చూస్తూ “ఆన” అంది. అక్కా, ఏమీ లేని చోట ఒక మాట పుట్టడం కళ్లారా చూశాను.

ఇరవై ఆరేళ్ల యాదగిరి కూడా వస్తాడు. పుట్టినప్పటి నుంచీ వినపడదు, మొన్నీమధ్యే మిషను పెట్టించుకున్నాడు. ఇప్పుడు తలుపు కొడితే తెలుస్తుంది. మాటలు మాత్రం విడివిడిగా అందవట, అంతా ఒకే హోరని రాసి చూపించాడు. కానీ గదికి ఆ చివర మేం గుసగుసలాడుకునేవన్నీ పెదాలు చూసి పట్టేస్తాడు. చిన్నప్పుడు ఏది వాడితే మెదడు దాన్నే పెంచుకుంటుందట. ఆ కళ్లు చూస్తే నాకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

“మెదడుల జాగ ఖాళీగ ఉండదమ్మా,” అంటారు మాటలు నేర్పే వసంత మేడం. “చెవి దిక్కు నుంచి శబ్దం రాకుంటే, కండ్లొచ్చి ఆ పోర్షన్ల దిగుతయ్. మస్తు ఏండ్లు ఉన్నంక ఖాళీ చేయించుడు కష్టం.”

ఇక అసలు సంగతి. జోల పాడుతుంటే భవ్య నీ గొంతు మీద అరచెయ్యి పెడుతుందనీ, ఆ చెయ్యి తీస్తే నిద్రపోదనీ ఆదివారం చెప్పావు. నేను మురిసిపోయి మేడంతో అన్నాను. ఆవిడ నవ్వలేదు.

“పిలిస్తే తిరుగుతదా?”

“తిరుగుతుందండీ. దసరాకి వెళ్లినప్పుడు నేనే వెనక కంచం కొట్టి చూశాను.”

“పాప ఏడ కూసుంది?”

“మా బావగారి మగ్గం గుంట గట్టు మీద.”

“కంచం ఏడ కొట్టినవు?”

“నేల మీద,” అన్నాను.

బావగారు మగ్గం మొదలెట్టగానే ఎక్కడున్నా పరుగెత్తుకొస్తుందని మనం చెప్పుకునేవాళ్లం కదా. మగ్గం ఆడుతుంటే ఇల్లంతా అదురుతుంది. చెవి కాదేమో అక్కా, అరికాళ్లేమో దానికి చెప్పేది. ‘తిరిగింది చూశారా’ అని అందరి ముందూ గొప్పగా అన్నది నేనే. దానికి ఇంకా మాటలు రాలేదని డాక్టరు దగ్గరికి బయల్దేరిన నువ్వు, నా మాట మీదే మానేశావు. ఆ తప్పు నాది. పిల్లలకు మాటలు ఆలస్యమన్న మీ అత్తయ్యగారిది కాదు.

ఇది అందిన రోజే మగ్గం ఆపించు. పాప కాళ్లు నేలకు తగలకుండా ఎత్తుకోమని బావగారికి చెప్పి, నీ నీడ కూడా పడకుండా వెనక నుంచి పేరు పెట్టి పిలువు. చప్పట్లు వద్దు, కాలు తాటించొద్దు. తిరిగితే నన్ను నాలుగు తిట్టు, హాయిగా పడతాను. తిరగకపోతే ఏడుస్తూ కూర్చోకు, రైలెక్కెయ్. పరీక్ష ఎక్కడ చేస్తారో మేడం కనుక్కుని ఉంచారు. “రెండున్నరేండ్లే గదా, ఇంకా చిన్నదే,” అన్నారు. ఆ మాట పట్టుకునే నేనీ ఉత్తరం రాయగలిగాను.

అత్తయ్యగారికీ బావగారికీ నా నమస్కారాలు చెప్పు. పెద్దదానివి, చివర్న నన్ను దీవించమని అడగాలి. ఈసారి అడగను. భవ్య తన పేరు విని వెనక్కి తిరిగిన రోజున అడుగుతాను.

నీ చెల్లెలు,
నాగమణి