రెండు కాలి ఎముకలు

మ్యూజియంలోని రావినియా గారికి,

నేను పంపిన ఎముకల గురించి దయచేసి ఇంకా ఏమీ అచ్చువేయకండి. పోల్చి చూడటానికి మీరు రెండు అడిగారు. ఇసుకదిబ్బలో దొరికిన, ఎప్పుడో అంతరించిన, రైల్ అనే జాతి పక్షిది ఒకటి. దాని చుట్టమే అయిన, మా చాతమ్ దీవిలో ఇప్పటికీ వండుకు తినే వేకా పక్షిది ఇంకొకటి. కిటికీలో ఆరబెడితే, మా ఆవిడ నైరి దుమ్ము తుడుస్తూ రెండూ కలిపేసింది.

"కత్తిగాటున్నది మన కూరలోది. దీనికింత బుర్ర బద్దలుకొట్టుకోవాలా?" అంది. నిజమే కదా అని, గాటు చూసి చీటీలు కట్టి పంపేశాను.

ఇవాళ మీరు తీసిన ఎముకల ఫొటోలు అందాయి. పెద్దవి చేసి చూస్తే రెండింటికీ కీలు దగ్గర, ఒకే చోట, గాటుంది. ఒక గాటు మరీ సన్నగా ఉండి అప్పుడు నా కంటికి ఆనలేదు. అంటే ఆ పాతదాన్నీ ఎవరో మాలాగే కోసుకు తిన్నారు.

ఏది ఏదో మీరే తేల్చండి. వేకా కూర చల్లారిపోతోందని నైరి రెండుసార్లు పిలిచింది. నాకు లేవబుద్ధి కావడం లేదు.