గ్రేసీకి ఇచ్చిన గుడ్లు

ప్రియమైన కుమారుడు పాల్‌కు, ప్రభువు నీకు తోడుగా ఉండాలని నాయన దీవెన.

నా రాత బాగుండదు, తప్పులు కూడా ఉంటాయి. సర్దుకొని చదువుకో. ఫోన్లో నీ గొంతు వినగానే నాకు మాట ఆగిపోతున్నది. అందుకే నువ్వు పనిచేసే నాయుడుపేటకు వస్తున్న మునికుమార్ చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. ఇక్కడ నేను క్షేమం.

నీ రూములో నీళ్ళ ఇబ్బంది తీరిందా? మన పలమనేరులో చలి ముదిరింది. నా ఆయాసం తగ్గిందా అని అడిగావు. తగ్గింది. చర్చి దాకా ఆగకుండా నడుస్తున్నాను. ఒంట్లో కాస్త కండ కూడా పట్టింది. కడుపుతో ఉన్న కోడలు గ్రేసీకి అంగన్‌వాడీలో గుడ్లు, పాలు సరిగ్గా ఇస్తున్నారా అని కూడా అడిగావు. ఇస్తున్నారు. ఒక్క నెల కూడా తప్పలేదు.

తిన్నది నేను, నాయనా.

జ్వరం నుంచి లేచిన తర్వాత నా పళ్ళెంలో రోజూ గుడ్డు ఉండేది. కోడలితో ఎదురుగా మాట్లాడడం నాకు చేతకాదు, నీకు తెలుసు. ఆ పిల్ల పళ్ళెం గడప దగ్గర పెట్టి లోపలికి పోయేది. ఒక్కసారి మాత్రం "నీకో?" అన్నాను. "నాకు గుడ్డు వాసనకే వాంతి వస్తాది మామా, మీరు తినండి" అనింది. నమ్మాను. నమ్మడం సులువుగా ఉండింది.

సోమవారం అంగన్‌వాడీ టీచరు లోకేశ్వరి ఇంటికొచ్చి గ్రేసీ కంటిరెప్ప కిందికి లాగి చూసింది. "పెద్దాయనా, ఈ కండ్లు సూడు, సున్నం మాదిరి ఉండాయి. నేనిచ్చిన గుడ్లన్నీ యాడికి పోయినాయి?" అనింది. నేను తల వంచుకున్నాను. "నేనే తినేసినానక్కా" అనింది గ్రేసీ. అంటూనే కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది.

ఇప్పుడు తిరుపతి ఆసుపత్రిలో ఉన్నాము. నీకు ఫోన్లో బాగున్నానని చెప్పిందట. అది నమ్మవద్దు. ఏడో నెలకు ఉండాల్సినంత బిడ్డ ఎదగలేదు. ముందుగా కాన్పు వస్తే ఇద్దరికీ ప్రమాదమన్నారు. రక్తం ఎక్కించాలి. నాది తీసుకోమని చెయ్యి చాపితే, "నీకు వయసు దాటిపోయింది తాతా" అన్నారు. ఆమె తిండి తిని పట్టిన రక్తం, ఆమెకే పనికిరాలేదు.

ఈ పొద్దు మొదటిసారి ఆమె మంచం పక్కన కూర్చున్నాను. గుడ్డు వలిచి చేతిలో పెట్టాను. సగం విరిచి నా వైపు చాపింది. "మీరు తిన్నారా మామా?" అనింది.

ఆ సగాన్ని కూడా ఆమె చేతికే తిరిగి ఇచ్చాను.

మునికుమార్ మళ్ళీ ఇక్కడికే తిరిగి వస్తాడు, రక్తం ఇచ్చేవాళ్ళను పిలుచుకొని అతనితోనే బయలుదేరు. అతనితో రాలేకపోతే, ఎప్పుడొస్తావో రాసి అతని చేతనే పంపు. ఆమెకు చదివి వినిపించాలి.

ఇట్లు,
నీ నాయన
సుందరరాజు